మలుపుకొక మనిషి

సబ్‌స్టేషన్ క్వార్టర్స్,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బావమరిదీ,

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు పెద్దలు. నువ్వు కోరుతున్నావో లేదో తెలుసుకుందామంటే నీ దగ్గర్నించి జవాబే రాదు. మీ అక్క మాత్రం "వాడికి క్రేను మీద చేతులు ఖాళీ ఉండవు, పాపం" అని వెనకేసుకొస్తుంది. నా చేతులేమో ఎప్పుడూ ఖాళీగా వేలాడుతున్నట్టు.

సరే, అసలు సంగతి విను. మన కాలనీ గ్రౌండులో జనానికి చంద్రుణ్ణి చూపించాను. నవ్వకు.

స్కూలు బీరువాలో ఒక టెలిస్కోపు మూలుగుతోందనీ, దాని కాళ్ళు విరిగాయనీ సైన్సు టీచరమ్మ చెప్పింది. కాళ్ళు విరిగితే నా దగ్గరకు తేవాలిగానీ బీరువాలో పడుకోబెడతారా? మా యార్డులో పాత ట్రాన్స్‌ఫార్మరు చట్రం ఒకటి తుప్పు పడుతుంటే, దాన్ని కోసి, వెల్డింగు పెట్టి పీట చేశాను. ఏనుగు ఎక్కినా ఒరగదు. పైన గొట్టం మాత్రం వేలితో నెడితే తిరుగుతుంది. ఆ తిరగడమే ముఖ్యం. ఎందుకంటే చంద్రుడు మన కోసం ఆగడు, చూస్తుండగానే అద్దంలోంచి జారిపోతాడు. కన్ను పెట్టినవాడు నెట్టలేడు. పక్కన ఇంకొకడు నిలబడి మెల్లగా నెడుతూ ఉండాలి.

నువ్వు వెళ్ళినప్పటికీ ఇప్పటికీ ఇక్కడ ఏం మారలేదు. మిల్లు మూసి మళ్ళీ తెరిచినప్పుడు పై వీధి వాళ్ళని పనిలోకి తీసుకున్నారు, కింద వీధి వాళ్ళని వదిలేశారు. చేసింది మిల్లు యజమాని. కోపం మాత్రం వాళ్ళ మీద వీళ్ళకి, వీళ్ళ మీద వాళ్ళకి. గ్రౌండు ఒకటే అయినా ఎవరి గేటు వాళ్ళది. మీ అక్క కింద వీధి పిల్ల, నేను పై వీధి వాణ్ణి. మిల్లు మూయకముందే పెళ్ళయిపోయింది కాబట్టి బతికిపోయాం.

ఆ సాయంత్రం కూడా వచ్చినవాళ్ళు రెండు గుంపులుగా నిలబడ్డారు. "చంద్రుడు ఒక్కడే, టెలిస్కోపూ ఒక్కటే, లైనూ ఒక్కటే!" అని అరిచాను. నా గొంతు నీకు తెలుసుగా. నిలబడ్డారు. మిల్లు మేస్త్రీ వంతు వచ్చేసరికి నేను మంచినీళ్ళు తాగే నెపంతో పక్కకి వెళ్ళాను. ఆయన వెనక ఉన్నది కింద వీధి సైకిలు షాపతను. మిల్లు గొడవ నాటి నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. "పోతున్నాడయ్యా, పోతున్నాడు" అని మేస్త్రీ గింజుకుంటుంటే సైకిలతను కాసేపు బిగదీసుకుని నిలబడ్డాడు. తర్వాత చెయ్యి చాచి నెట్టాడు. "ఆగాగు... ఆఁ, వచ్చాడు" అన్నాడు మేస్త్రీ. అంతే. ఆ పైన సైకిలతను చూస్తుంటే మేస్త్రీ నెట్టాడు. ఇంటికొచ్చి మీ అక్కకి ఇది చెబుతూ కళ్ళు తుడుచుకున్నాను. దుమ్ము పడిందన్నాను. నమ్మలేదు.

కింద వీధి చివరింటి పెద్దమ్మ రాలేదు. రాదని తెలుసు. కొడుకు చిన్నోడు నీతో పాటు రేవుకు వెళ్ళి, అక్కణ్ణించి సరుకుల పడవెక్కి, అయిపూ అజా లేకుండా పోయిన దగ్గర్నించీ ఆవిడ వాకిట్లో దీపం పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంది. చీకట్లో వస్తే ఇల్లు దాటిపోతాడేమోనని ఆవిడ భయం. బల్బు మాడిపోతే నేనే వెళ్ళి మారుస్తాను. ఆ కాసేపూ ఆవిడ కింద నిలబడి టార్చి రోడ్డు వైపు తిప్పి పట్టుకుంటుంది. మొన్న కూడా "మా వాడి కబురేమైనా రాశాడా?" అని నీ గురించి అడిగింది. ఏం చెప్పమంటావు?

ఇంకో రెండు నెలల్లో తోకచుక్క వస్తుందట. దాన్ని కూడా చూపిస్తాను.

నువ్వు కోరినా కోరకపోయినా బతికే ఉన్న
నీ బావ


రేవు, క్రేను వాళ్ళ గది,
గురువారం

బావా,

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. మీ బావ చాలా గట్టివాడే అన్నారు. ఏనుగు ఎక్కినా ఒరగదన్నావు, ముందు అక్కని ఎక్కించి చూడు. ఈ వాక్యం పైకి చదవకు.

జవాబు రాయనని తిడతావు. పొద్దుట్నించీ క్రేను మీద ఒక్కణ్ణే కూర్చుంటాను. కింద మనుషులు అరచేతంత కనిపిస్తారు, వాళ్ళ మాటలు పైకి రావు. దిగేసరికి నాకూ మాటలు రావు. కాగితం ముందు పెట్టుకుంటే "క్షేమం" అన్నదొక్కటే తోస్తుంది.

చిన్నోడి కబురు తెలియలేదు. ఓడ వచ్చినప్పుడల్లా దిగినవాళ్ళని అడుగుతూనే ఉన్నాను. వాడు ఎక్కిన పడవ చేతులు మారి, పేరు కూడా మారిందని ఎవరో అన్నారు. "అడుగుతున్నాడు" అని పెద్దమ్మకి చెప్పు. అది అబద్ధం కాదు.

నువ్వు గ్రౌండు గురించి రాస్తే ఒకటి గుర్తొచ్చింది. నేనూ చిన్నోడూ ఆటలయ్యాక గ్రౌండు దాటి వస్తుంటే, పెద్దమ్మ వంటింట్లోంచే "ఇద్దరూ కాళ్ళు కడుక్కుని రండి" అని కేకేసేది. తొంగి కూడా చూసేది కాదు. నాకు ఎడమ కాలు ఈడ్చే అలవాటు. వాడికి నడక రాదు, పరుగే. ఆ రెండు చప్పుళ్ళూ కలిసి వినపడితే చాలు ఆవిడకి. నేను ఒక్కణ్ణే వెళ్తే "ఒక్కడివే వచ్చావా, వాడేడీ?" అనేది, అదీ వంటింట్లోంచే.

తోకచుక్క ఎలా ఉందో రాయి. ఇక్కడ రేవు దీపాల వెలుగులో ఏమీ కనిపించదు.

నీ బావమరిది


సబ్‌స్టేషన్ క్వార్టర్స్,
బుధవారం

ఒరేయ్,

ఇది చదివి నన్ను తిట్టు. ఇక్కడ అందరూ తిట్టేశారు, నువ్వొక్కడివే మిగిలావు.

చంద్రుడు లేని సాయంత్రం చూసి రెండోసారి జనాన్ని పిలిచాను. మన పిల్లలు పాలపుంత గురించి పుస్తకంలో చదివినవాళ్ళేగానీ చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూడాలంటే దీపాలు ఆరాలి. ఇంటింటికీ వెళ్ళి ఎవరు బతిమాలతారు? పై వీధికి వెళ్తే "ముందు వాళ్ళని ఆర్పమను" అంటారు, కింద వీధికి వెళ్ళినా అదే పాట. కాలనీ లైను మొత్తం నా చేతి కింద ఉంటే నేను ఎవరి గడప తొక్కాలి? డ్యూటీలో ఉన్న జతగాడితో చెప్పాను, చీకటి పడగానే స్విచ్చి దించెయ్యి, కాసేపాగి ఎత్తుదువుగాని అని. కరెంటు పోవడం మనకేమన్నా కొత్తా అనుకున్నాను.

దించాడు. ఒరేయ్, ఏం చెప్పమంటావు! గ్రౌండులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారే "ఆఁ" అన్నారు. ఆ వీధా ఈ వీధా అని లేదు, ఒకటే "ఆఁ". మేస్త్రీ భార్య నా పక్కనే నిలబడి "ఇదంతా రోజూ మన నెత్తి మీదే ఉందా?" అంది. నాకు ఛాతీ ఇంతయింది.

అప్పుడు కింద వీధి చివర్నించి కేక.

దీపం పోగానే పెద్దమ్మ టార్చి కోసం తడుముకుందట. దొరకలేదు. "నాయనా, ఇటు, ఇటు" అని అరుస్తూ రోడ్డు మీదకి పరిగెత్తింది. కాలవ గట్టు రాయి తగిలి పడింది. మేం లాంతరు పట్టుకుని వెళ్ళేసరికి రోడ్డు మధ్యలో కూర్చుని ఉంది. మణికట్టు విరిగి వేలాడుతోంది. అది పట్టించుకోకుండా నన్ను అడిగింది: "ఎంతసేపు చీకటిగా ఉంది? ఆ కాసేపట్లో వచ్చి వెళ్ళిపోలేదు గదా?"

నేను లాంతరు రోడ్డు వైపు తిప్పి పట్టుకున్నాను.

మేస్త్రీ, సైకిలతనూ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఆసుపత్రి దాకా మోసుకెళ్ళారు. కరెంటు పోలేదు, నేనే తీయించానని తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోయింది. మా పై అధికారులు నన్ను మొట్టి వదిలేశారు, ఆ మొట్టికాయలు నాకు చాలవు. కింద వీధి వాళ్ళయితే "పై వీధి బుద్ధి చూపించాడు" అన్నారు. "మీ వీధి ముసలమ్మని మీరే కనిపెట్టుకోవాల్సింది" అని పై వీధి వాళ్ళు. ఒకరు రాయి తీస్తే ఇంకొకరు కర్ర తీసేదాకా వచ్చింది. గ్రౌండులోకి ఇప్పుడు ఎవరూ రావడం లేదు. చేజేతులా చేసుకున్నాను.

ఇక తోకచుక్క. అది పొద్దుగుంకాక పడమట బాగా కిందగా కనిపిస్తుందట. గ్రౌండులో నిలబడి పడమటికి చూస్తే ఉన్నది పెద్దమ్మ ఇల్లే. ఆ దీపం సరిగ్గా కంట్లో పడుతుంది. నీ మాటయితే ఆవిడ వింటుంది. ఒక్క సాయంత్రం, కాసేపు ఆర్పమని ఒక ముక్క రాయి. అడగడానికి నాకు మొహం లేదు.

నీ బావ

తమ్ముడూ, మీ బావ రాయనిది నేను రాస్తున్నాను. ఆ రోజు అన్నం ముట్టలేదు. నేనూ బతిమాలలేదు. ఒక పూట తినకపోతే పోయేదేం లేదులే అనుకున్నాను. - అక్క


రేవు,
మంగళవారం

బావా,

ఉత్తరం అందింది. పెద్దమ్మ చెయ్యి ఎలా ఉంది? కట్టు ఎప్పుడు విప్పుతారన్నారు?

ఆ ముక్క నేను రాయలేను. దీపం ఆర్పమని నా చేత్తో రాయలేను. ఎందుకని అడగకు. నువ్వూ ఆవిణ్ణి అడగొద్దు.

ఇక్కడ ఓడలు ఎక్కువగా వస్తున్నాయి. పని బాగానే ఉంది. నిద్ర పట్టడం లేదు, అంతే.

నేనేమైనా రాశానా అని పెద్దమ్మ అడిగితే, అసలు ఉత్తరమే రాలేదని చెప్పు.

బావమరిది


సబ్‌స్టేషన్ క్వార్టర్స్,
సోమవారం, డ్యూటీ నుంచి రాగానే

ఒరేయ్ పెద్దమనిషీ,

రాయలేను, అడగకు, రాలేదని చెప్పు. ఇదేం ఉత్తరంరా? టెలిగ్రాం కూడా ఇంతకంటే మర్యాదగా ఉంటుంది. కోపమొచ్చి చింపబోతే మీ అక్క లాక్కుంది. అక్కడేదో కొమ్ములు మొలిచినట్టున్నాయి నీకు.

నువ్వు రాయకపోతే నాకు కాళ్ళు లేవా? వెళ్ళాను. దీపం సంగతి ఎత్తకూడదని ఒట్టు పెట్టుకునే వెళ్ళాను. లోపల మేస్త్రీ ఉన్నాడు, మంచినీళ్ళ బిందె దించుతున్నాడు. గుమ్మంలో సైకిలతను పెద్దమ్మ స్టవ్వు బాగుచేస్తున్నాడు. ఆసుపత్రికి మోసిన రోజు నుంచీ ఇద్దరూ వస్తున్నారట, చెరో వేళప్పుడు. ఆ రోజే వేళలు కలిశాయి. ఎవరూ మాట్లాడుకోవడం లేదనుకో. కానీ ఒకే కప్పు కింద ఉన్నారు.

"పెద్దమ్మా, ఇకమీద కరెంటు పోయినా ఆరకుండా బ్యాటరీ దీపం ఒకటి పెడతాను. నన్ను క్షమించు" అన్నాను.

ఆవిడ విరిగిన చెయ్యి ఒళ్ళో సర్దుకుంది. "ఆ రోజు అందరూ ఆఁ అన్నారు గదా, విన్నాను. ఈ రెండు వీధులూ కలిసి ఒక మాట అనగా విని ఎన్నాళ్ళయిందో. ఏముందక్కడ అంతలా?"

చెప్పాను. పాలపుంత గురించి చెప్పాను. చెప్పుకుంటూ పోయి తోకచుక్క గురించి కూడా చెప్పాను. అది ఎటు కనిపిస్తుందంటే వేలెత్తి చూపించాల్సొచ్చింది. వేలు వెళ్ళి సరిగ్గా దీపం మీద ఆగింది. నా నోరు పడిపోను!

ఆవిడ దీపం వంక చూసింది. "కాసేపు ఆర్పితే మీ అందరికీ కనిపిస్తుంది. అంతేగా?" అంది.

"వద్దు పెద్దమ్మా, నేనేం అడగలేదు."

"సరిగ్గా అప్పుడే వాడొస్తే?"

మేస్త్రీ బిందె మీద మూత పెట్టి, "నేను మీ మలుపులో నిలబడతానమ్మా. వస్తే చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను" అన్నాడు.

"ఒక్క మలుపేనా? బస్సు దిగిన దగ్గర్నించి మా ఇంటిదాకా ఎన్ని మలుపులున్నాయో ఎప్పుడైనా చూశావా?" అని ఆవిడ బాగున్న చెయ్యి వేళ్ళు ముడుస్తూ చెప్పింది. బస్టాపు, పిండిమర, కల్వర్టు, స్కూలు గోడ, నీళ్ళ ట్యాంకు. ఆ దారి ఆవిడ రోజూ మనసులో నడుస్తుందని అప్పుడు తెలిసింది నాకు.

"పిండిమర దగ్గర నేనుంటాను" అన్నాడు సైకిలతను, స్టవ్వులోంచి తలెత్తకుండానే.

ఆవిడ ముడిచిన వేళ్ళు విప్పింది. "మలుపుకొక మనిషి ఉంటే ఆర్పండి" అంది.

అప్పుడు తొక్కానురా గడపలు, రెండు వీధుల్లోనూ ప్రతి గడపా. మేస్త్రీని కింద వీధికి తీసుకెళ్ళాను, సైకిలతన్ని పై వీధికి తీసుకెళ్ళాను. అడిగినవాళ్ళు కాదనలేదు. ఒక్కటే పేచీ వచ్చింది. "కింద వీధి వాడు మధ్యలో ఆకాశం చూస్తూ కూర్చుంటే? మా వాడు కూడా ఉండాలి" అని వీళ్ళు. వాళ్ళూ అంతే. అలా మలుపుకొకరు కాస్తా ఇద్దరయ్యారు. ఆ తగువు మాత్రం నేను తీర్చలేదు, ఉండనిచ్చాను.

వచ్చే శనివారం. మబ్బు పట్టకూడదని కోరుకో. నీ కొమ్ములు సర్దుకున్నాక జవాబు రాయి.

నీ బావ

తమ్ముడూ, నీ చిన్న ఉత్తరం నేను చాలాసార్లు చదివాను. నువ్వేదో దాస్తున్నావు. మీ బావకి చెప్పలేదు. రాయడం చేతకాకపోతే బయల్దేరి రా. - అక్క


రేవు,
గురువారం

అక్కా,

ఇది నీకే. బావ చేతికి ఇవ్వకు.

చిన్నోడు లేడు.

ఒక ఓడ నుంచి ఇంజను గది పనివాడు ఒకాయన దిగాడు. అలవాటుగా అడిగాను. పడవ పాత పేరు చెప్పాను, మనిషి పోలికలు చెప్పాను. ఆయన "నడవడు, పరిగెడతాడు. అతనేనా?" అన్నాడు. అవునన్నాను.

రెండేళ్ళ కిందట, సముద్రం మీద జ్వరం తగిలిందట. ఒడ్డు చేరడానికి రోజులు పట్టింది. చేరేలోపే పోయాడు. ఆ రేవులోనే మట్టి చేశారు. ఈయన దగ్గరుండి అన్నీ చూశాడట. ఇంటికి ఎందుకు రాయలేదో తెలుసా అని అడిగాను. చేతిలో ఏదైనా పెట్టుకుని ఒకేసారి వెళ్తాను, ఉత్తరం ముక్క చూపిస్తే మా అమ్మ ఊరుకోదు, మనిషే కావాలంటుంది అనేవాడట.

బావ ఉత్తరం ఆ మర్నాడే వచ్చింది. దీపం ఆర్పమని రాయమన్నాడు. ఎలా రాయనక్కా? తెలిసి, చెప్పకుండా, ఆర్పించినట్టు అవదూ? చెప్పేస్తే అది శాశ్వతంగా ఆరిపోతుంది. రెండూ నా వల్ల కాలేదు.

కానీ చెప్పాలి. అది కాగితం మీద కాదు, నా నోటితోనే చెప్పాలి. మేమిద్దరం ఒకే బస్సెక్కి వెళ్ళాం. వాణ్ణి పడవెక్కించింది నేనే, చెయ్యి ఊపింది నేనే.

శనివారం జరగనివ్వండి. ఆవిడ తల పైకెత్తి ఆకాశం చూసి ఎన్నేళ్ళయిందో. ఆ ఒక్క సాయంత్రం చూడనీ. నేను ఆదివారం వస్తాను. బావకి చెప్పకు. బావ మొహం గాజు పలక, లోపలున్నదంతా బయటికి కనిపిస్తుంది.

తమ్ముడు


రేవు,
శుక్రవారం

బావా,

మీ ఇంట్లో ఉన్నన్ని రోజులూ నీ ఎదురుగానే కూర్చున్నాను. నువ్వేం అడగలేదు. జీవితంలో మొదటిసారి నువ్వు నోరు మూసుకుని కూర్చోవడం చూశాను. దానికి నీకు రుణపడి ఉన్నాను. ఇప్పుడు రాస్తాను. గ్రౌండులో జరిగింది నీకు తెలుసు. దారిలో ఏం జరిగిందో తెలియదు.

ఆదివారం రావాలనే అనుకున్నాను. కానీ రేవు నుంచి లారీ ఒకటి మన వైపే వస్తుంటే ఎక్కేశాను. ఎక్కకపోతే ధైర్యం పోతుందని భయం. శనివారం పొద్దుగుంకే వేళకి బస్టాపులో దింపాడు. అక్కడే చీకట్లో కూర్చుని, అంతా అయ్యాక పొద్దున్నే వెళ్దామనుకున్నాను.

దీపాలు ఆరడం చూశాను బావా. ఒక్కసారిగా కాదు. పై వీధిలో ఒక ఇల్లు, కింద వీధిలో ఒక ఇల్లు, మళ్ళీ పైన. ఎవరికి వాళ్ళు లేచి వెళ్ళి ఆర్పుతున్నట్టు తెలుస్తూనే ఉంది. చివరికి పెద్దమ్మ దీపం ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ పోయింది. ఆ స్విచ్చి తుప్పుపట్టి కదల్లేదనీ, నువ్వు నిచ్చెనెక్కి బల్బు విప్పి ఆవిడ చేతిలో పెట్టావనీ తర్వాత చెప్పావు. అప్పుడు అదేం తెలియక నేను లేచి నిలబడ్డాను.

"ఎవరూ?" అని పక్కనే గొంతు. బస్టాపు మలుపు వంతు పడ్డ మేస్త్రీ. "ఎవరు నాయనా? ఇంటికేనా?"

నన్ను ఆయన ఎప్పుడూ నాయనా అనలేదు. "నేను..." అన్నాను. మిగతాది చెప్పేలోపే ఆయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏం చెప్పక్కర్లేదు. రా" అన్నాడు. పిండిమర దాకా నడిపించి, నా చేతిని సైకిలతని చేతిలో పెట్టాడు. "గుంట ఉంది, కుడి పక్కకి రా బాబూ" అన్నాడు సైకిలతను. నా కంటే ముందు "వచ్చాడు, వచ్చాడు" అని మాట వెళ్ళిపోతోంది. వాళ్ళు ఎవరనుకుంటున్నారో నాకు తెలుసు.

కల్వర్టు దగ్గర ఆగిపోయాను. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. "నేను వాణ్ణి కాదు. సబ్‌స్టేషన్ ఆయన బావమరిదిని" అన్నాను. చెయ్యి వదిలేస్తారనుకున్నాను. అందులో పెద్దావిడ ఇంకా గట్టిగా పట్టుకుంది. "నువ్వయితే మాత్రం? నీకూ చీకటేగా. నడువు" అంది.

అలా స్కూలు గోడ, నీళ్ళ ట్యాంకు దాటి గ్రౌండు దాకా తెచ్చి వదిలారు. పడమట అది ఉంది, తోక పైకి విరజిమ్ముకుని. నేను దాన్ని సరిగ్గా చూడలేదు. పెద్దమ్మని చూశాను. స్టూలు మీద కూర్చుని అద్దంలో కన్ను పెట్టింది, నువ్వు నెడుతున్నావు. మెడకి వేలాడే కట్టుగుడ్డలో, విరిగిన చేతి పక్కనే బల్బు పెట్టుకుంది.

ఎడమ కాలు ఈడ్చకూడదనుకున్నాను. ఈడ్చింది.

"ఒక్కడివే వచ్చావా?" అంది, కన్ను తీయకుండానే.

అవును పెద్దమ్మా అన్నాను. నువ్వు నెట్టడం ఆపేశావు. "నెట్టు నాయనా, పోతోంది" అంది నీతో. నువ్వు నెట్టావు. అది మిల్లు కప్పు వెనక్కి దిగిపోయేదాకా ఆవిడ చూసింది. గ్రౌండులో ఒక్కరూ తమ వంతు అడగలేదు.

ఇంటికి నేను నడిపించాను. అప్పటికీ ఎవరూ దీపాలు వేయలేదు. గుమ్మంలో కూర్చోబెట్టి అంతా చెప్పాను. మొత్తం విని రెండే అడిగింది. "దగ్గర మనిషి ఉన్నాడా?" ఉన్నాడన్నాను. "నీళ్ళు పట్టాడా?" పట్టాడన్నాను. మీరిద్దరూ కలిసి వెళ్ళారు గదా అని నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత కట్టుగుడ్డలోంచి బల్బు తీసి నా చేతిలో పెట్టింది. "ఇచ్చినప్పుడు కాలిపోతూ ఉంది, చల్లారిపోయింది" అంది. "పెట్టు."

"ఇప్పుడెందుకు పెద్దమ్మా?"

"మీ అక్క ఇంటికి వెళ్ళాలి గదా నువ్వు. చీకట్లో పోతావా?"

నిచ్చెన ఎక్కి పెట్టాను. వెలుగులో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు ఏడ్చాం ఇద్దరం.

బావమరిది


సబ్‌స్టేషన్ క్వార్టర్స్,
ఆదివారం

నాయనా,

ఒరేయ్ అని రాయబోయి కొట్టేశాను. మళ్ళీసారి నుంచి మామూలే, అలవాటు పడకు.

నీ ఉత్తరం మీ అక్క చదివింది, నేను విన్నాను. మధ్యలో రెండుసార్లు ఆపమన్నాను.

పెద్దమ్మ కట్టు విప్పారు. వేళ్ళు ఆడుతున్నాయి. మేస్త్రీ, సైకిలతనూ ఇంకా వస్తున్నారు, ఇప్పుడు ఒకే వేళకి. నీళ్ళ బిందె ఎక్కడ పెట్టాలనే దాని మీద పోట్లాడుకుంటారు. ఆవిడ వింటూ కూర్చుంటుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి లేచి లోపలికి వెళ్ళిపోతుంది, అప్పుడు వాళ్ళూ ఆపేస్తారు. ఏడుపు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు.

ఒకావిడ పరామర్శకి వచ్చి "ఆ పాడు తోకచుక్క కనిపించింది, ఈ కబురు వచ్చింది" అందట. పెద్దమ్మ ఊరుకోలేదు. "మా వాడు పోయి రెండేళ్ళయింది. అది వచ్చి నెల కాలేదు. దాన్ని ఏమీ అనకు" అందట.

కొత్త స్విచ్చి పెట్టమని ఆవిడే కబురు చేసింది. పెట్టాను. పొద్దుగుంకగానే వేస్తుంది, పడుకునేముందు ఆర్పుతుంది. మొదటి రోజు ఆర్పి, వేసి, మళ్ళీ ఆర్పి, నా వంక తిరిగి "ఇంత తేలికా?" అంది. నేను పనిముట్లు సర్దుకుని బయటికి వచ్చేశాను, అక్కడ ఉండలేకపోయాను.

నిన్న మళ్ళీ గ్రౌండులో జనాన్ని పిలిచాను. పాలపుంత, అప్పుడు సగంలో ఆగిపోయింది గదా. ఈసారి ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. మొదట ఆవిడ వాకిలి ఆరింది. తర్వాత మిగతా ఇళ్ళు.

నేను పీట సర్దుతూ లెక్క చూస్తే మేస్త్రీ లేడు, సైకిలతను లేడు, ఇంకా చాలామంది లేరు. ఎక్కడున్నారని అడిగితే మీ అక్క రోడ్డు వైపు చూపించింది. ఎవరి మలుపులో వాళ్ళు నిలబడి ఉన్నారు. ఎవరి కోసమని నేను అడగలేదు.

సెలవు దొరికినప్పుడు రా. టార్చి తెచ్చుకోకు.

నీ బావ